ముందు రొక్కం, తరువాత మాట: ప్రీపెయిడ్ సెల్‌ఫోను లాభనష్టాలు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం, ఎం.పి.సి. – స్వగ్రామం: ఎర్రుపాలెం, ఖమ్మం జిల్లా)

పల్లెటూరి కిరాణా కొట్లలో "నేడు రొక్కం – రేపు అరువు" అని ఒక అట్టముక్క వేలాడుతూ వుంటుంది. అయినా కొట్టువాడు మనకు తెలిసినవాడైతే చిట్టా పుస్తకంలో రాసుకుని సరుకు ఇస్తాడు. సెల్‌ఫోను కంపెనీలకు మాత్రం మనం ఎవరమో తెలియదు. అందుచేత మన దేశంలో సెల్‌ఫోను వాడేవారిలో నూటికి తొంభై మందికి పైగా ముందు రొక్కం కట్టి, తరువాత మాట్లాడుకుంటున్నారు. ఈ పద్ధతికే ప్రీపెయిడ్ అని పేరు. ముందు మాట్లాడి, నెల తిరిగాక బిల్లు కట్టేది పోస్ట్‌పెయిడ్.

రోజూ జేబులో వుండే వస్తువును గురించి సావనీరులో వ్యాసమెందుకని మిత్రులు అడగవచ్చు. ఈనాడు ఫోను నెంబరు మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. బ్యాంకు నుంచి వచ్చే ఓ.టి.పి. ఆ నెంబరుకే వస్తుంది. పి.ఎం. కిసాన్‌కు ఓ.టి.పి. ద్వారా ఇ-కె.వై.సి. చెయ్యాలంటే ఆధార్‌కు కలిపిన నెంబరు కావాలి. 2025 సీజనులో సి.సి.ఐ.కి పత్తి అమ్మదలచిన రైతు 'కపాస్ కిసాన్' యాప్‌లో తన నెంబరుతో నమోదు చేసుకుని, స్లాటు బుక్ చేసుకోవలసి వచ్చింది. ఒక నెంబరు ఆగిపోతే ఒక కుటుంబం పని ఆగిపోతుందనడంలో అతిశయోక్తి లేదు.

ప్రీపెయిడ్ వాడేవాడికి అప్పు వుండదని అందరికీ తెలుసు. కాని అతను కంపెనీకి అప్పిచ్చినవాడని కూడా గుర్తించాలి. వాడుకోబోయే సేవకు డబ్బు ముందే ఇచ్చాడు గదా! మరి అప్పిచ్చినవాడు గడువూ, లెక్కా తెలుసుకోవద్దా? ఈ దృష్టితో ప్రీపెయిడ్ పద్ధతి మంచిచెడ్డలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. ఈ పద్ధతి ఎట్లా వచ్చింది?

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో వున్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో రద్దీ వేళ నిమిషానికి 16 రూపాయల పైచిలుకు ఛార్జీ. అవతలివాళ్ళు చేసిన కాల్‌ను ఎత్తినా మనకే ఖర్చు. కనుక సెల్‌ఫోను పెద్ద వ్యాపారస్తుల, అధికారుల వస్తువుగా వుండేది. మిగతావారికి ఎస్.టి.డి. బూతులే దిక్కు.

అదే 1995లో పోర్చుగల్ దేశంలో టి.ఎం.ఎన్. అనే కంపెనీ 'మిమో' పేరుతో ప్రీపెయిడ్ కార్డు తెచ్చింది. నెలనెలా బిల్లు కట్టగలడో లేడో తెలియని మనిషికి కూడా, డబ్బు ముందే ఇస్తే ఫోను ఇవ్వవచ్చునన్నదే దాని సూత్రం. ఈ సూత్రం జీతం రాళ్ళు తక్కువగా వుండే దేశాలలోనే ఎక్కువగా పాతుకుంది. ఆసియా, ఆఫ్రికా ఖండాలలో కోట్లాది ప్రజలకు మొదటి ఫోను ఈ దారినే వచ్చింది.

మన దగ్గర 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. అప్పటి నుంచి ప్రీపెయిడ్ కార్డు పల్లెకు ప్రవేశించింది. 2005 చివర, 2006 మొదట్లో కొన్ని కంపెనీలు 999 రూపాయలకు 'లైఫ్‌టైమ్' పథకాలు పెట్టాయి. ఒకసారి కడితే ఇన్‌కమింగ్‌కు గడువు బాధ లేదన్నమాట. 2009లో టాటా డొకొమో సెకనుకు ఒక పైసా లెక్క ప్రవేశపెట్టగా మిగతా కంపెనీలూ ఆ దారి పట్టక తప్పలేదు. చేలో వున్న మనిషికి మిస్డ్ కాల్ ఇస్తే "అన్నం తెచ్చాం, గట్టుకు రా" అని అర్థం చేసుకునే రోజులవి. పైసా ఖర్చు లేకుండా కబురు అందేది.

2016 సెప్టెంబరులో జియో వచ్చి మాటలు ఉచితం చేసి, డేటాకు డబ్బు తీసుకున్నది. పోటీలో కొన్ని కంపెనీలు మూతబడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. 2018లో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది. అదే సంవత్సరం వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. ఆ ఏడాది చివరనే ఇన్‌కమింగ్ నిలబడాలంటే కూడా ప్రతి 28 రోజులకూ కనీస రీఛార్జి చెయ్యాలన్న షరతు వచ్చింది. అప్పుడది 35 రూపాయలు. 'లైఫ్‌టైమ్' అన్న మాటకు అక్కడితో ఆయుష్షు తీరింది.

ఈ మార్పును మనం శ్రద్ధగా గమనించాలి. మొదట్లో ప్రీపెయిడ్ అంటే వాడుకున్నంతకే డబ్బు. ఇప్పుడు వాడినా వాడకున్నా రోజుకింత. అంటే బావిలో నీళ్ళు బిందెల లెక్కన కొనే పద్ధతి పోయి, బావిని కౌలుకు తీసుకునే పద్ధతి వచ్చింది. కౌలు కూడా ముందే కట్టాలి!

2. ఇది ఎట్లా పనిచేస్తుంది?

రీఛార్జి చేసిన డబ్బు సిమ్ కార్డులో వుంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమ్‌లో వుండేది మన గుర్తింపు, దాని రహస్య తాళంచెవి మాత్రమే. నిల్వ, గడువు తేదీ కంపెనీ కంప్యూటరులో వుంటాయి. సిమ్ పోయినా, అదే నెంబరుకు కొత్త సిమ్ తీసుకుంటే నిల్వ అట్లాగే వుండటానికి కారణమిదే.

ప్రీపెయిడ్ మనిషి నెంబరు నొక్కగానే టవరు ద్వారా ఆ కబురు ఎక్స్ఛేంజికి పోతుంది. ఎక్స్ఛేంజి లెక్కల కంప్యూటరును "ఇతనికి గడువు వుందా? నిల్వ ఎంత?" అని అడుగుతుంది. వుందంటే కొంత సమయానికి అనుమతి వస్తుంది. ఆ సమయం తీరబోతుండగా మళ్ళీ అడిగి, మరికొంత అనుమతి తీసుకుంటుంది. సాగర్ ఎడమ కాలువ మీద లస్కరు వంతు చూసుకుని, తూము తలుపు కొంచెం కొంచెం ఎత్తినట్టన్నమాట. నిల్వ అయిపోతే మాట మధ్యలోనే తలుపు దిగుతుంది. ఇదంతా సెకనులో కొద్ది భాగంలో జరగడం ఇంజనీర్ల ప్రతిభ.

పోస్ట్‌పెయిడ్‌లో తూము తెరిచే వుంటుంది. ప్రతి కాల్‌కూ ఒక పద్దు రాయబడి, నెలాఖరుకు అన్ని పద్దులూ కూడి బిల్లవుతుంది. ఖమ్మం యార్డులో కమీషన్ వ్యాపారి చిట్టా రాసుకున్నట్టే. అయితే అక్కడ కూడా పరపతికి ఒక హద్దు వుంటుంది. బిల్లు హద్దు మీరితే ముందుగా కొంత కట్టమని కంపెనీ అడుగుతుంది.

3. ప్రీపెయిడ్ వల్ల లాభాలు

(అ) అప్పు పుట్టదు: ఎంత కట్టామో అంతకు మించి ఖర్చు కాదు. పిల్లవాడు ఆడుతూ ఆడుతూ ఏదో నొక్కినా, నెలాఖరున వేల రూపాయల బిల్లు వచ్చే ప్రమాదం లేదు. చేతిలో నికర ఆదాయం లేని విద్యార్థులకు, వ్యవసాయదారులకు, దినకూలీలకు ఇది పెద్ద రక్షణ.

(ఆ) పరపతి చూడరు: గుర్తింపు పత్రం వుంటే చాలు. జీతం చీటీ, బ్యాంకు చరిత్ర అక్కరలేదు. అమెరికాకు చదువుకు వెళ్ళిన మన తెలుగు విద్యార్థులు చాలామంది అక్కడ మొదటి నెలల్లో ప్రీపెయిడ్ సిమ్ తీసుకోవడమో, తోటి గది మిత్రుల ఫ్యామిలీ ప్లానులో చేరడమో చేస్తారు. అక్కడి పరపతి చరిత్ర వారికింకా ఏర్పడి వుండదు గదా! గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే మనవారికీ మొదటి ఆధారం ప్రీపెయిడ్ కార్డే.

(ఇ) కట్టుబాటు లేదు: అమెరికాలో చాలాకాలం ఫోను పరికరాన్ని చవకగా ఇచ్చి, రెండేళ్ళ ఒప్పందం రాయించుకునేవారు. మధ్యలో మానుకుంటే జరిమానా. ప్రీపెయిడ్‌లో అట్లాంటిది లేదు. మన దేశంలో పరికరం వేరు, కనెక్షను వేరు కాబట్టి పోస్ట్‌పెయిడ్ కూడా బాకీ తీర్చి వదులుకోవచ్చు. అయితే బాకీ వుంటే నెంబరును వేరే కంపెనీకి మార్చుకోవడం కుదరదు. ప్రీపెయిడ్ వాడికి ఆ అడ్డంకి లేదు.

(ఈ) ధర కనబడుతుంది: ప్రీపెయిడ్ ప్లాను ధరలో జి.ఎస్.టి. కలిసే వుంటుంది. పోస్ట్‌పెయిడ్ ప్రకటనలో చెప్పే ధర మీద 18 శాతం అదనం. 449 రూపాయల పోస్ట్‌పెయిడ్ ప్లాను బిల్లులో 529 రూపాయల 82 పైసలవుతుంది. రెంటినీ పోల్చేటప్పుడు ఈ తేడా మరచిపోరాదు.

(ఉ) సరిహద్దు వాసులకు ఒక సంగతి: మా ఎర్రుపాలెం మండలానికి ఆవలి పొలాలు ఆంధ్రప్రదేశ్‌వి. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయినా, సెల్‌ఫోను లైసెన్సుల లెక్కలో రెండూ కలిసి ఒకే సర్కిలు. మధిరలో తీసుకున్న సిమ్ విజయవాడలోనూ సొంత సర్కిలులోనే వున్నట్టు. ఇది ప్రీపెయిడ్‌కూ పోస్ట్‌పెయిడ్‌కూ సమానమే గాని, "అది వేరే రాష్ట్రం, రోమింగ్ పడుతుంది" అని రెండు సిమ్‌లు వాడే పెద్దలకు చెప్పదగిన మాట.

4. ప్రీపెయిడ్ వల్ల నష్టాలు

(అ) గడువుకు సిగ్నలుతో పనిలేదు: భద్రాచలం అడవి వైపు గూడేలలో సిగ్నలు కోసం గుట్ట ఎక్కవలసిన చోట్లున్నాయి. సిగ్నలు అందని రోజులు కూడా 28 రోజుల లెక్కలోనే పోతాయి. బిందెల లెక్క వున్నప్పుడు వాడని నీళ్ళకు డబ్బు పోయేది కాదు. కౌలు లెక్కలో ఎండిన రోజులకు కూడా కౌలు తప్పదు.

(ఆ) 28 రోజుల నెల: సంవత్సరంలో 365 రోజులు. 28తో భాగిస్తే పదమూడు పోగా ఒక రోజు మిగులుతుంది. అంటే పన్నెండు నెలలకు పదమూడు రీఛార్జీలు. ఈ విషయమై ఫిర్యాదులు రాగా, 30 రోజుల గడువుతో ఒక ప్లాను, ప్రతి నెలా అదే తేదీన రీఛార్జి చేసుకునే ప్లాను ఒకటి తప్పక వుంచాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించింది. కాని అది వుందని అడిగేవారు తక్కువ.

(ఇ) చిన్న రీఛార్జిలో కోత ఎక్కువ: పది రూపాయల టాపప్ చేస్తే 7 రూపాయల 47 పైసలే జమ అవుతుంది. ఎందుకో విడదీద్దాం. పదిని 1.18తో భాగిస్తే 8.47. తక్కిన 1.53 పన్ను. ప్రాసెసింగ్ రుసుము ధరలో పదో వంతు లేదా మూడు రూపాయలు, ఏది తక్కువైతే అది; ఇక్కడ ఒక రూపాయి. మిగిలింది 7.47. అదే వంద రూపాయల టాపప్‌లో 81.75 జమ అవుతుంది. పదికి నూటికి 25 వంతులు పైగా పోతే, వందకు 18 వంతులు పైగా పోతున్నది. చేతిలో తక్కువ డబ్బున్న వాడికే ఎక్కువ కోత అన్నమాట.

(ఈ) బిల్లు రాదు: పోస్ట్‌పెయిడ్ వాడికి నెలకో కాగితం వస్తుంది. ప్రీపెయిడ్ వాడికి నిల్వ ఎందుకు తగ్గిందో తెలిపే కాగితం దానంతటది రాదు.

(ఉ) మారితే మిగిలింది పోతుంది: 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నెంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చింది. అయితే పాత కంపెనీలో మిగిలిన ప్రీపెయిడ్ నిల్వ, గడువు కొత్త కంపెనీకి రావు. ఏడాది ప్లాను కట్టిన రెండో నెలలో టవరు సరిగా పనిచేయకపోతే రెండు చేతులా నష్టం.

(ఊ) అన్నిటికంటె పెద్దది: నెంబరు పోవడం. గడువు తీరగానే నెంబరు రద్దు కాదు. ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, కొన్నాళ్ళకు ఇన్‌కమింగ్ ఆగుతుంది. ఏ వాడకమూ లేకుండా 90 రోజులు గడవకముందే రద్దు చెయ్యరాదని 2013 నుంచి అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధన. ఖాతాలో 20 రూపాయలు గాని అంతకెక్కువ గాని వుంటే, 20 చొప్పున తీసుకుని 30 రోజుల చొప్పున నెంబరును నిలపాలని కూడా అందులోనే వుంది. ఆ తరువాత రద్దయిన నెంబరును మరో 90 రోజులు ఆగి వేరొకరికి ఇవ్వవచ్చు. బ్యాంకు ఖాతాకు కలిపిన నెంబరు అపరిచితుడి జేబులో మోగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

(ఋ) రైతు వైపు నుంచి ఒక మాట: రైతు మిర్చి అమ్మినప్పుడు చేతికి తక్‌పట్టీ వస్తుంది, డబ్బు ఒక్కొక్కసారి తరువాత వస్తుంది. విత్తనం, మందు అరువుకు తెస్తే వడ్డీ కలిపి కడతాడు. ఫోనుకు మాత్రం ముందే కడతాడు, దానికి వడ్డీ రాదు. ఆదాయం ఏడాదికి ఒకటి రెండు సార్లు, ఖర్చు 28 రోజులకోసారి. ఈ రెండు కాలాల పొత్తు కుదరకపోవడమే మన పల్లెల్లో ఫోన్లు ఆగిపోవడానికి ముఖ్య కారణం.

5. ఒక ఇంటి లెక్క

2024 జులైలో పెద్ద కంపెనీలు ఒకరి వెంట ఒకరు ధరలు పెంచినప్పుడు, ఎయిర్‌టెల్ 28 రోజుల ప్లాను 179 నుంచి 199 రూపాయలయింది. ఆ ధరనే ఉదాహరణగా తీసుకుందాం. ఏడాదికి పదమూడు రీఛార్జీలు: 199 × 13 = 2,587 రూపాయలు.

అమ్మ, నాన్న, నాయనమ్మ, కాలేజీ చదివే పిల్లవాడు అని నాలుగు నెంబర్లు వున్న ఇల్లు అనుకుందాం. 2,587 × 4 = 10,348 రూపాయలు. పి.ఎం. కిసాన్ కింద రైతు కుటుంబానికి ఏడాదికి వచ్చేది 6,000 రూపాయలు. అంటే ఆ సహాయమంతా ఫోన్లకు పోయినా ఇంకా 4,348 రూపాయలు కావాలి!

ఇక రెండో లెక్క. డేటా వాడనివారి కోసం, మాటలకు, ఎస్.ఎం.ఎస్.లకు మాత్రమే పనికివచ్చే ప్లాను తప్పక పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన సవరించింది. అట్లాంటి ప్లాను గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చునన్నది. దాని ప్రకారం 2025 జనవరిలో కంపెనీలు కొత్త ప్లాన్లు పెట్టాయి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, 365 రోజులకు 1,849 రూపాయలు నిర్ణయించింది. జియో 84 రోజులకు 448 రూపాయలన్నది.

రోజు ఖర్చు చూద్దాం. 199 ÷ 28 = 7 రూపాయల 11 పైసలు. 469 ÷ 84 = 5 రూపాయల 58 పైసలు. 1,849 ÷ 365 = 5 రూపాయల 7 పైసలు. 199 ప్లానులో కొంత డేటా వుంటుంది, మాటల ప్లానులో వుండదు. కాని బటన్ ఫోను వాడే నాయనమ్మకు డేటా ఎందుకు?

పై ఇంట్లో నాన్న, నాయనమ్మ బటన్ ఫోన్లే వాడుతున్నారనుకుంటే, వారిద్దరికీ ఏడాది మాటల ప్లాను 1,849 × 2 = 3,698. తక్కిన ఇద్దరికీ 2,587 × 2 = 5,174. మొత్తం 8,872. మిగులు 1,476 రూపాయలు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసల చొప్పున అయిదు బస్తాలకు పైగా వచ్చే డబ్బు ఇది.

"ఒకేసారి 1,849 ఎక్కడ నుంచి తేవాలి?" అన్న ప్రశ్న న్యాయమైనది. మన వైపు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మామూలు. ఆ వడ్డీకి ఏడాదంతా 1,849 వాడుకున్నా వడ్డీ 444 రూపాయలు, మొత్తం 2,293. మూడు రూపాయల వడ్డీ అయినా మొత్తం 2,515. రెండూ 2,587 కంటె తక్కువే! అప్పు చేసి రీఛార్జి చెయ్యమని నా సలహా కాదు. కొంచెం కొంచెంగా కొనేవాడి మీద పడే అదనపు భారం ఎంతో ఈ లెక్కవల్ల తెలుస్తుంది. మిర్చి, పత్తి డబ్బు చేతికి వచ్చిన వారంలోనే ఇంట్లో పెద్దల ఫోన్లకు ఏడాది గడువు కట్టేస్తే ఆ భారం తప్పుతుంది. పైగా ఏడాదికి ముందే కట్టిన వాడికి ఆ గడువు తీరేదాకా ధరల పెంపు తగలదు.

అయితే పైన చెప్పిన నష్టం (ఉ) ను మరువరాదు. ఏడాది కట్టే ముందు ఇంట్లోనూ, చేలోనూ, బావి దగ్గరా ఏ కంపెనీ సిగ్నలు నిలుస్తుందో చూసుకోవాలి. తెలియని కంపెనీకి పెద్ద అప్పు ఎవరూ ఇవ్వరు గదా.

6. ఎవరికి ఏది మేలు?

ఇంట్లో వృద్ధులకు: మాటల ప్లాను, దీర్ఘ గడువు. గడువు తేదీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు గుర్తుంచుకోవాలి.

హాస్టలు విద్యార్థులకు: డేటా వున్న ప్రీపెయిడ్. వైఫై వున్నచోట రోజుకు రెండు జి.బి. కొనడం వృథా. తక్కువ డేటా ప్లాను తీసుకుని, పరీక్షల ముందు అవసరమైతే డేటా వోచరు వేసుకోవడం నయం.

అడవి ప్రాంతాలలో పనిచేసే ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు: అక్కడ నిలిచే సిగ్నలు ఏదో దానిదే సిమ్. చాలా గూడేలలో ప్రభుత్వ నిధులతో బి.ఎస్.ఎన్.ఎల్. టవర్లు వేసింది. రెండో సిమ్ వుంటే దాని గడువు ఆగిపోకుండా చూసుకోవాలి.

నెల జీతగాళ్ళకు, వ్యాపారస్తులకు: పోస్ట్‌పెయిడ్ తప్పేమీ కాదు. గడువు మరచి ఫోను ఆగిపోయే బాధ లేదు. ఖర్చుకు కాగితం వుంటుంది. ఇంట్లో మూడు నాలుగు కనెక్షన్లు ఒకే బిల్లు కింద పెట్టుకోవచ్చు. కాని బిల్లు కట్టవలసిన తేదీకి డబ్బు వుండటం ముఖ్యం.

విదేశాలలో వున్న పూర్వ విద్యార్థులకు: ఇక్కడి బ్యాంకు ఖాతాకు కలిపిన పాత నెంబరు ప్రీపెయిడ్ అయితే, దాన్ని గడువులోగా బతికించడం ఇంట్లో ఎవరికైనా అప్పగించాలి. నెంబరు పోయాక విదేశం నుంచి తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

7. అప్పిచ్చినవాడి హక్కులు

ముందే డబ్బు కట్టినవాడికి చట్టం కొన్ని హక్కులిచ్చింది. అవి వాడుకున్నవాడికే వుపయోగం.

ఒకటి: ప్రీపెయిడ్ వాడు కూడా గత ఆరు నెలల లోపు వాడకం వివరాలు కావాలని కంపెనీని అడగవచ్చు. దానికి రుసుము 50 రూపాయలు మించరాదని ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. నిల్వ ఎందుకు తగ్గిందో తేల్చుకోవడానికి ఇదే సాక్ష్యం.

రెండు: అడగని పాటలు, జోకుల సేవల పేరుతో డబ్బు కోస్తే 155223 నెంబరుకు చేసి ఆపివేయించవచ్చు. ఫిర్యాదుకు 198. ఫిర్యాదు చేసినప్పుడు ఇచ్చే డాకెట్ నెంబరు రాసి పెట్టుకోవాలి. అక్కడ పని జరగకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి వుంటాడు. ఆపైన వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మూడు: జిల్లా స్థాయిలో సేవ వరుసగా 24 గంటలకు మించి ఆగిపోతే, పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలని ట్రాయ్ 2024 నిబంధనలలో పెట్టింది. ప్రకృతి వైపరీత్యాలకు మాత్రం మినహాయింపు వుంది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. అట్లాంటి వరదలో టవరు ఆగితే ఈ నిబంధన వర్తించదన్నమాట. ఫోను అత్యవసరమయ్యే రోజు అదే గనుక, ఈ మినహాయింపును గురించి ఆలోచించవలసి వుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కొన్ని కంపెనీలు తక్కువ ఆదాయం గల ప్రీపెయిడ్ ఖాతాదారులకు గడువు పొడిగించి, పది రూపాయల టాక్‌టైమ్ జమచేశాయి. మనసు పెడితే చెయ్యగలరని దానివల్ల రుజువైంది.

నాలుగు: కంపెనీ మారదలిస్తే 1900కు ఎస్.ఎం.ఎస్. పంపాలి. ప్లానులో ఎస్.ఎం.ఎస్. లేదని దీన్ని అడ్డుకోరాదని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశం. అంతకుముందు చిన్న ప్లాన్లవారు ఈ ఒక్క సందేశం పంపడానికే పెద్ద ప్లాను కొనవలసి వచ్చేది.

ముగింపు

సామాన్యుడి చేతికి ఫోనిచ్చింది ప్రీపెయిడ్ పద్ధతే. ఎవరి పూచీకత్తూ అడగకుండా, అప్పు చెయ్యనీయకుండా కోట్లాది మందిని ఒకరికొకరిని కలిపిన ఘనత దానిదే. దాన్ని తిట్టి వదిలెయ్యడం కృతఘ్నత. కాని అది పుట్టినప్పటి గుణం ఒకటి, ఇప్పటి గుణం మరొకటి. వాడుకున్నంతకే కట్టే స్వేచ్ఛ పోయి, నెంబరు నిలబెట్టుకోవడానికి కట్టే కౌలుగా మారింది. ఆ కౌలు ఎంత, ఎన్నాళ్ళకు, దేనికి అన్నది తెలుసుకుని కట్టేవాడు లాభపడతాడు. తెలియనివాడు ఏడాదికి యూరియా బస్తాల ఖరీదు పోగొట్టుకుంటాడు.

ఈ ముందు చెల్లింపు పద్ధతి ఫోనుతో ఆగదు. కరెంటుకు కూడా దేశంలో కోట్ల సంఖ్యలో ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలని 2021లో కేంద్ర ప్రభుత్వం పథకం ప్రకటించింది. గడువు తీరితే మాట ఆగడం ఒక ఎత్తు, దీపం ఆగడం మరొక ఎత్తు. కనుక ఫోను దగ్గర నేర్చుకున్న లెక్క రేపు ఇంకోచోట పనికివస్తుంది.

లెక్కలు చదువుకున్న విద్యార్థులు ఇంటికి చెయ్యగల చిన్న సేవ ఒకటుంది. ఈ సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో ప్రతి నెంబరుకూ ఏ ప్లాను, రోజుకెంత, గడువు ఎప్పుడు, బ్యాంకుకు కలిసిన నెంబరు ఏది అని ఒక కాగితం మీద రాసి, గోడ కేలండరు పక్కన అంటించండి. పక్కింటి ముసలమ్మ ఫోను కూడా ఒకసారి అడిగి చూడండి. డేటా అంటే ఏమిటో తెలియని ఆమె ఇన్నాళ్ళూ దానికి డబ్బు కడుతూ వుండవచ్చు.